కూలి లెక్క, పని లెక్క

పుదుచ్చేరిలో పెద్ద కాలువకు పడమటి వైపు, వరదరాజ పెరుమాళ్ గుడికి కొద్ది దూరంలో, ఒక పాత మండువా ఇల్లు ఉండేది. వీధిలోకి అరుగు, లోపలికి వెళ్తే ఆకాశం కనిపించే మండువా, దానికి ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క దేవుడి గది. ఇంటాయన యానాం మనిషి. పడుచు వయసులో సర్కారు ఉద్యోగం మీద గోదావరి ఒడ్డు విడిచి ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చాడు. పదవీ విరమణ అయ్యాక ఇక్కడే ఉండిపోయాడు.

తెల్లవారకముందే లేచి బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దాకా నడిచేవాడు. తిరిగి వస్తూ మణక్కుళ వినాయకుడికి దండం పెట్టుకునేవాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, అరుగు మీద చాప వేసుకుని గీత పారాయణం మొదలుపెట్టేవాడు. ఏడు వందల శ్లోకాలూ ఆయనకు కంఠస్థం. సాయంత్రం పూట చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు చేరితే ఒక్కో శ్లోకానికి అర్థం చెప్పేవాడు. ఆ వీధిలో ఆయన్ని అందరూ గీత మాస్టారు అనే పిలిచేవారు.

ఒక ఏడాది మండువాలో గచ్చు పగిలిపోయింది. కడప రాయి పరిపించాలనుకున్నాడు. తెలిసినవాళ్లు చెబితే కడప వైపు నుంచి వచ్చి ముత్యాలపేటలో ఉంటున్న ఒక మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రికి నడివయసు. చదువు లేదు. అతని దగ్గర ఒక పడుచు జంట సాయం పనికి ఉండేది. కొలతలు తీసుకున్నారు, బేరం కుదిరింది. మూడో వంతు ముందుగా, మూడో వంతు పని సగంలో, చివరి మూడో వంతు పని పూర్తయ్యాక.

పాత గచ్చు తవ్వి తీశాక మేస్త్రి దారం కట్టి చూశాడు. రసమట్టం పెట్టి మళ్లీ చూశాడు. తల ఊపి ఇంటాయన దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఈ నేల వాలు తప్పుండాది. వాన పడితే నీళ్లు తూము పక్కకు పోవల్ల గదా. ఇది దేవుని గది పక్కకు వాలుండాది. ఆ తూము గూడా మట్టితో పూడిపోయింది. దీని మీదనే రాయి పరిస్తే చూడ్డానికి బాగుంటాది, వానలకు ఇల్లంతా నీళ్లవుతాది."

"ఇన్నాళ్లూ మేం ఈ ఇంట్లో లేమా ఏంటి? నువ్వు రాయి పరవడానికి వచ్చావోయ్, ఇల్లు కట్టడానికి కాదు. అదనంగా రూపాయి కూడా ఇవ్వను" అన్నాడు ఇంటాయన.

"నేనేమీ అడగలేదే సామీ" అని మేస్త్రి వెళ్లిపోయాడు.

మర్నాడు ముగ్గురూ కలిసి మట్టి ఎత్తారు. తూములో చెయ్యి పెట్టి, ఇనుప చువ్వతో పొడిచి, ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు బయటికి లాగారు. నేలను దేవుడి గది దగ్గర ఎత్తు చేసి తూము వైపు వాలు తెచ్చారు. దీనికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే మొదటి రాయి దిగింది. అడుగున సున్నమూ ఇసుకా సమంగా పరిచి, రాయిని దించి, చెయ్యి ఆనించి తట్టి, చప్పుడు విని, బోలుగా వినిపిస్తే మళ్లీ ఎత్తి సర్ది, అలా ఒక్కో రాయి వేసుకుంటూ పోయారు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక మేస్త్రి అరుగు దగ్గరికి వచ్చాడు. "సామీ, పొద్దున్నే మీరు చదివేదాంట్లో ఏముంటాది?" అని అడిగాడు.

ఇంటాయనకు సంబరం వేసింది. "నీలాంటి వాడికి పనికొచ్చేదే ఉందోయ్. పని చెయ్యి, ఫలితం మీద ఆశ పెట్టుకోకు అన్నాడు భగవంతుడు. అదీ సారం."

మేస్త్రి కాసేపు ఆలోచించి, "మంచి మాటే సామీ" అని పనిలోకి వెళ్లాడు.

పని ముగిసింది. నల్లటి రాళ్లు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఇంటాయన అటూ ఇటూ నడిచి చూసుకుని మురిసిపోయాడు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది.

"ఎనిమిది రోజులన్నావు, పది చేశావు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగించుకోవడానికే చోటు లేకపోయింది. ఈ చివరి భాగం ఇప్పుడివ్వలేను. పండగ వెళ్లాక చూద్దాం."

"సామీ, రెండు దినాల అదనపు కూలి నేను అడగడం లేదు. ఒప్పుకున్నది ఇస్తే చాలు. వాళ్లిద్దరికీ నేను ఇయ్యల్ల."

"మొన్న ఏం చెప్పాను నీకు? ఫలితం ఆశించకూడదని భగవంతుడే చెప్పాడు కదా!"

మేస్త్రి నొచ్చుకున్నాడు. అయినా గొంతు పెంచలేదు. "ఒక మాట అడుగుతా సామీ. ఆ మాట దేవుడు ఎవరితో చెప్పినాడు?"

"అర్జునుడితో."

"మరి అర్జునుడు ఆ మాట పట్టుకుని పోయి ఇంకెవరికన్నా చెప్పినాడా?"

ఏడు వందల శ్లోకాలూ నోటికి వచ్చిన మనిషికి జవాబు తోచలేదు. "చూద్దాంలే" అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఇంటావిడ వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి మేస్త్రి మండువాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. రుబ్బురోలు వెనక మూల, ఎవరి కంటా పడని చోట, రెండు రాళ్ల మధ్య సందు పూడుస్తున్నాడు.

"డబ్బులివ్వలేదు కదయ్యా, మళ్లీ ఎందుకొచ్చావు?" అంది ఆవిడ.

"నిన్న చీకటి పడింది తల్లీ, ఈ సందు ఉండిపోయింది. ఈడ నీళ్లు దిగితే రాయి కదుల్తాది."

"ఆయన మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. కూలి ఆయనతో మాట్లాడుకున్న లెక్క. అది ఆయన్ను అడుగుతాను, మళ్లీ వచ్చి అడుగుతాను, వదిలిపెట్టను. పని ఈ రాయితో మాట్లాడుకున్న లెక్క. ఆ లెక్కలో ఈ లెక్క కలిపితే రెండూ చెడతాయి తల్లీ."

ఆవిడ ఆ మాట భర్తకు చెప్పింది. ఆయన విని ఊరుకున్నాడు.

కార్తీకం వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. రాత్రి మొదలైన వాన తెల్లారినా తగ్గలేదు. వీధిలో మోకాలి లోతు నీళ్లు. అటు పక్కింట్లో మంచాల మీద సామాను ఎక్కిస్తున్నారు. ఇటు పక్కింట్లో బకెట్లతో తోడి పోస్తున్నారు. గీత మాస్టారి మండువాలో ఆకాశం నుంచి ధారలు పడుతున్నాయి. పడిన నీళ్లు పడినట్టే నల్లరాళ్ల మీదుగా జారి, ఒక్క తీరుగా తూము వైపు పోతున్నాయి. తూము అవతల వీధిలోని నీళ్లకన్నా ఇంటి నేల ఎత్తుగానే ఉంది. దేవుడి గది గడప దగ్గర తడి కూడా లేదు.

ఆయన పారాయణానికి కూర్చున్నాడు. ఆ రోజు మూడో అధ్యాయం. దేవతల నుంచి అందుకున్నది అనుభవిస్తూ తిరిగి ఇవ్వనివాడు దొంగే అని చెప్పే పన్నెండో శ్లోకం దగ్గర గొంతు ఆగిపోయింది. వేల సార్లు చదివిన శ్లోకం. చదివిన ప్రతిసారీ ఊళ్లో ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు. ఈసారి తానే గుర్తొచ్చాడు.

వాన తెరిపిచ్చిన రోజున ఆయన గొడుగు పట్టుకుని విల్లియనూరులో మేస్త్రి పని చేస్తున్న చోటికి వెళ్లాడు. చివరి మూడో వంతు, దానితోపాటు రెండు రోజుల అదనపు కూలి చేతిలో పెట్టాడు. మేస్త్రి వద్దనలేదు. లెక్కపెట్టుకున్నాడు. సాయం పని చేసిన జంటను పిలిచి వాళ్ల వాటా ముందు ఇచ్చి, మిగిలింది నడుముకు చెక్కుకున్నాడు.

"నేను గీత చదువుతూ వచ్చాను మేస్త్రీ, నీకు చెబుతూ వచ్చాను. వినాల్సింది నేనని తెలియలేదు" అన్నాడు పెద్దాయన.

"రాయి కదల్లేదు గదా సామీ?" అని అడిగాడు మేస్త్రి.

నీతి

భగవద్గీతలో మనకు అన్నిటికన్నా బాగా తెలిసిన శ్లోకం రెండో అధ్యాయంలో నలభై ఏడోది. గీత మాస్టారు మేస్త్రికి చెప్పిన మాట అందులోదే. అన్నిటికన్నా ఎక్కువగా దుర్వినియోగమైనదీ అదే. దాన్ని రెండు రకాలుగా వంకర తిప్పుతాం. మన పని విషయంలో, ఫలితం నా చేతిలో లేదు కాబట్టి ఎలా చేస్తే ఏముందిలే అని సోమరితనానికి వాడుకుంటాం. ఎదుటివాడి విషయంలో, ఫలితం ఆశించకు అని వాడి న్యాయమైన వాటాను తొక్కిపెట్టడానికి వాడుకుంటాం. గీత ఈ రెంటికీ చోటివ్వదు.

మొదటిదానికి జవాబు అదే శ్లోకం చివర ఉంది. ఫలం మీద హక్కు లేదన్న నోటితోనే భగవంతుడు, పని మానేయడం మీద మనసు పెట్టుకోకు అని కూడా అన్నాడు. మరి మూడు శ్లోకాల తర్వాత యోగమంటే పనిలో నేర్పు అని చెప్పాడు. పద్దెనిమిదో అధ్యాయంలో కర్తలను మూడు రకాలుగా విభజించినప్పుడు, సాత్త్విక కర్తకు ఆసక్తి ఉండదు, అహంకారం ఉండదు అని ఊరుకోలేదు. ధైర్యమూ ఉత్సాహమూ నిండుగా ఉంటాయన్నాడు. ఫలం మీద ఆశ వదిలినవాడు నీరసపడడు, పనిలోకి పూర్తిగా దిగుతాడు. పనిని రేపటికి రేపటికి నెట్టేవాడిని, ఇతరులకు చెరుపు చేసేవాడిని అదే అధ్యాయం తామస కర్త అంటుంది. ఫలత్యాగానికి గుర్తు ఎక్కడ కనిపిస్తుందంటే, రుబ్బురోలు వెనక మూలలో కనిపిస్తుంది. చూసేవాళ్లు లేని చోట, మెచ్చుకోలు రాని చోట, పని ముందు గదిలో ఉన్నంత శుభ్రంగా ఉందా? ఉంటే ఆ మనిషి ఫలాన్ని నిజంగా వదిలాడు.

రెండోదానికి జవాబు మూడో అధ్యాయం. లోకమంతా ఇచ్చి పుచ్చుకోవడం మీద నిలబడి ఉందని, అందుకుని ఇవ్వనివాడు దొంగ అని, తన కోసమే వండుకునేవాడు పాపమే తింటాడని అక్కడ తేల్చి చెప్పాడు. కాబట్టి ఫలత్యాగం నేను చేయాల్సింది. ఎదుటివాడి కూలి నేను ఇవ్వాల్సింది. ఈ రెండు వాక్యాలూ తారుమారు కాకూడదు. యజమాని పనివాడికి, ఆఫీసరు కింది ఉద్యోగికి, భర్త వంటింట్లోని భార్యకు ఫలితం ఆశించవద్దని గీత వినిపిస్తే అది గీత కాదు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకు నిష్కామ కర్మ గురించి చెప్పబోయే ముందు, ఆ చాకిరీలో నా వంతు ఎంత అని మగవాడు లెక్క వేసుకోవాలి. కురుక్షేత్రంలో ఆ మాట విన్నది అర్జునుడు. విన్నవాడు తాను ఆచరించాడు.

ఈ కథ పుదుచ్చేరిలో జరగడానికి కారణం ఉంది. గీతను రోజువారీ పనితో ముడిపెట్టి గట్టిగా ఆలోచించిన ఊరు ఇది. 1908లో అలీపూర్ బాంబు కేసులో జైలుకు వెళ్లిన శ్రీ అరవిందులు అక్కడున్న ఏడాదిలో గీతను చదవడమే కాకుండా సాధన చేశారు. 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరిలో దిగారు. 1914 ఆగస్టు 15న ఇక్కడే మొదలైన 'ఆర్య' పత్రికలో 1916 నుంచి 1920 దాకా గీత మీద వ్యాసాలు రాశారు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి 1918 వరకు ఈ వీధుల్లోనే తలదాచుకున్నారు. గీతను తమిళంలోకి తెచ్చినవారిలో ఆయనా ఒకరు.

అరవిందుల వ్యాసాల్లో మన రోజువారీ బతుక్కు పనికొచ్చే ముఖ్యమైన మాట ఒకటుంది. గీతను కేవలం కర్తవ్య బోధగా చూడటం చాలదంటారాయన. కర్తవ్యం తొలి మెట్టు మాత్రమే. చేసే పనిని భగవంతుడికి అర్పణగా చేయడం దాని పై మెట్టు. మేస్త్రి విషయంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. రాళ్లు పరవడం అతని కర్తవ్యం, ఒప్పందం అంతవరకే. పూడిపోయిన తూములో చెయ్యి పెట్టింది కర్తవ్యం కాదు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వరు, రాయి పరిచాక ఎవరికీ కనిపించదు. అది అర్పణ. ఆకో పువ్వో పండో గుక్కెడు నీళ్లో భక్తితో ఇస్తే చాలు తీసుకుంటానని తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు చెప్పాడు. ఆ వెంటనే, ఏం చేసినా ఏం తిన్నా అది నాకే ఇచ్చేయమన్నాడు. ఎవరి పనితో వాళ్లు ఆయన్ను పూజించవచ్చని చివరి అధ్యాయంలో మళ్లీ చెప్పాడు. అంటే తాపీ పట్టిన చెయ్యి కూడా హారతి పట్టిన చెయ్యే.

ఈ మాటకు సాక్ష్యంగా నిలబడ్డ కట్టడం ఒకటి పుదుచ్చేరిలోనే ఉంది. అరవిందాశ్రమం వసతి గృహం 'గోల్‌కొండ్'. దాని పేరులోనే మన గోల్కొండ ఉంది. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి వచ్చిన విరాళానికి గుర్తుగా, ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత ఆ పేరు పెట్టారు. 1937లో పని మొదలైంది. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేశారు. జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సమ్మర్ ఇక్కడే ఉండి నడిపించారు. ఆశ్రమ సాధకులూ కూలీలూ కలిసి కట్టారు. ఇంత గడువులో ముగించాలని గానీ, ఇంతలో ఖర్చు తేలాలని గానీ షరతు లేకుండా, పనిని పనిగా చేసే అవకాశం తనకు అక్కడ దొరికిందని రేమండ్ తర్వాత తలుచుకున్నారు. తీర ప్రాంతపు ఉక్కలో కూడా గాలి ఆడేలా గోడల స్థానంలో తెరిచి మూసుకునే పలకలు అమర్చారు. లోపల నేల మీద పరిచింది నల్లటి కడప రాయి. ఎనభై ఏళ్లు దాటినా ఆ భవనం చెక్కుచెదరలేదంటే, కంటికి కనిపించని చోట పెట్టిన శ్రద్ధే దానికి కారణం.

ఇంకో మాట. మేస్త్రికి కోపం రాలేదని కథ చెప్పలేదు. వచ్చింది, ఒప్పుకున్నాడు కూడా. గీత చెప్పిన సమత్వం అంటే మనసులో ఏమీ పుట్టకపోవడం అని మనం భయపడతాం. అది మహాత్ములకు సాధ్యం. మనలాంటి సంసారులకు దాని తొలి రూపం వేరు. కోపం వచ్చినా దాన్ని పనిలోకి దిగనివ్వకపోవడం. ఇంట్లో గొడవపడి బడికి వెళ్లిన పంతులమ్మ ఆ చిరాకు పిల్లల మీద చూపకపోవడం. జీతం పెరగలేదన్న బాధ ఆసుపత్రి నర్సు రోగి సూది మందులో కలపకపోవడం. పైవాడు తిట్టాడని గుమాస్తా తన కిటికీ దగ్గర నిలబడ్డ ముసలమ్మ కాగితాన్ని పక్కన పడేయకపోవడం. న్యాయం కోసం గట్టిగా అడగాలి, అవసరమైతే పోరాడాలి. భగవంతుడు ఈ బోధంతా చేసింది అర్జునుణ్ణి యుద్ధంలో నిలబెట్టడానికే. పోరాటం పోరాటం చోట ఉండాలి, పని శుద్ధి పని చోట ఉండాలి.

గీత పారాయణం చేసే ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. పారాయణం మంచిదే. దానికి రోజూ రెండు ప్రశ్నలు చేర్చుకుందాం. ఈ రోజు నేను చేసిన పనిలో ఎవరూ చూడని భాగం ఎలా ఉంది? ఈ రోజు నేను ఎవరికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఉంచుకున్నాను? మొదటి ప్రశ్నకు జవాబు బాగుంటే మన కర్మ యోగం అవుతున్నట్టు. రెండో ప్రశ్నకు జవాబుగా ఎవరి పేరైనా గుర్తొస్తే, పుస్తకం మూసి ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లడమే ఆ రోజు పారాయణం.

నీ పనిలో ఫలితం వదులుకో. ఎదుటివాడి పనికి ఫలితం తప్పక ఇవ్వు. ఈ కథ నీతి ఇంతే.